తెల్లగా చేసే దయ్యం

నా చదువు తెలుగు బడిలో నాలుగో తరగతితో ఆగింది. సినిమాల మీద అభిప్రాయం చెప్పడానికి అంతకన్నా చదువు అక్కర్లేదని మా మనవరాలి ఫోను చూశాక తెలిసింది. అందులో ఎవరెవరో కూర్చుని సినిమాలను తిడుతుంటారు, పొగుడుతుంటారు. మా పిల్లకూ అదే పిచ్చి. కాలేజీ నుంచి రాగానే, చూసిన సినిమా గురించి మన షోలాపూర్ తెలుగులో మాట్లాడి ఫోనులో పెడుతుంది. గొంతు మాత్రమే దానిది. ముఖం ఎక్కడా కనపడనివ్వదు.

కారణం రంగు. నా కోడలు ఎర్రగా ఉంటుంది, కొడుకు చామనఛాయ. పిల్లకు మాత్రం నా రంగు ఉన్నదున్నట్టు దిగింది. మా గల్లీలో దాన్ని ‘నల్లపిల్ల’ అనే పిలుస్తారు. కాలేజీలో మరాఠీ పిల్లలు ‘సావళీ’ అంటారట. అర్థం అదే, కొంచెం బెల్లం పూసి చెప్పడం.

మొన్న ఎండాకాలంలో, సినిమాల సంగతులు చెప్పే హైదరాబాదు చానల్ ఒకటి దాని గొంతు విని మెచ్చుకుంది. ఒక దయ్యం సినిమా మీద మాట్లాడి పంపు, నచ్చితే ప్రతివారం పని ఇస్తాం, కానీ ముఖం కనపడాలి అన్నారు. ఆ పని కోసం పిల్ల ఎంత ఆశపడుతోందో నాకు తెలుసు. ముఖం చూపించడానికి ఎంత జంకుతోందో కూడా తెలుసు. దానికి అన్నం సయించడం మానేసింది. వండిన అన్నం మిగిలిపోతుంటే నేను ఊరుకునే మనిషిని కాను.

"ఏందే, ఏమైంది?" అని గద్దించాను.

"నానమ్మా, నువ్వు గూడ నా పక్కన కూసో. ఇద్దరం మాట్లాడదాం. నువ్వుంటె నాకు ధైర్యం."

"సినిమాకు టికెట్ ఎవరు కొంటరు?"

"ఫోన్లనే ఉన్నది. ఫుకట్!"

పైసా ఖర్చు లేని ఫుకట్ అన్నాక కాదనడం నాకు చేతకాదు. మధ్యాహ్నం పూట బీడీలు చుట్టే చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. చేతులు ఊరికే ఉండి కళ్ళు మాత్రమే పని చేయడం నాకు నచ్చదు.

దాజీ పేటలో మా ఇంటి గోడకు ఆనుకునే పవర్‌లూమ్ కార్ఖానా. నా కొడుకు పని చేసేది అందులోనే. పొద్దంతా మగ్గాల చప్పుడు. దయ్యం సినిమాకు నిశ్శబ్దం ముఖ్యమట. అందుకని పిల్ల ఒక వైరు నా చెవిలో, ఇంకోటి తన చెవిలో పెట్టింది. పొరుగింటి ఆవిడ కూడా తన చాట తీసుకుని వచ్చి చేరింది. ఆవిడకు వైరు లేదు. సినిమా అంతా మమ్మల్ని అడుగుతూనే చూసింది.

కథ ఇది. చలిదేశంలో ఎక్కడో తెల్లవాళ్ళ బంగళా. మంచాన పడ్డ ముసలామెను చూసుకోవడానికి ఒక నల్లజాతి నర్సు వస్తుంది. ఇంట్లో అందరూ ఆమెతో బహు మర్యాదగా ఉంటారు. ఒక్కరూ గొంతు పెంచరు. ఆమె గదిలో నిలువెత్తు అద్దం. రోజూ పొద్దున అందులో చూసుకుంటే ఆమె ముఖం కొంచెం కొంచెం తెల్లబడుతూ ఉంటుంది. ఇంటివాళ్ళు చిరునవ్వుతో "నిన్నటికన్నా ఈ రోజు బాగున్నావు" అంటారు.

మొదట తప్పులు చెబుతాను. అన్ని గదులున్న బంగళాలో ఒక్కరు కూడా పని చేయరు. ఆ హాలులో సుఖంగా నాలుగు మగ్గాలు పడతాయి. ఇక ఆ నర్సు, ఎక్కడ చప్పుడైతే అక్కడికే కొవ్వొత్తి పట్టుకుని పోతుంది. చప్పుడైతే చూసుకోవలసింది ఇంటివాళ్ళు. జీతానికి వచ్చిన మనిషికి ఎందుకు?

పొరుగింటి ఆవిడ నా మోచెయ్యి పొడిచింది. "అత్తమ్మా, గామె మొఖం తెల్లగ అయితున్నదా?"

"అయితున్నది."

"ఏం పెడ్తున్నది మొఖానికి?"

"ఏం పెడ్తలేదు. అద్దమే చేస్తున్నది."

ఆవిడ బీడీ చుట్టడం ఆపింది. "గా అద్దం ఏడ దొరుకుతది?"

పిల్ల సినిమా ఆపేసింది. "చిన్నమ్మా! అది దయ్యం అద్దం!"

"దయ్యందైతె ఏందే? పని చేస్తున్నది గద!"

నవ్వడానికి నాకు తీరిక లేదు. ఎందుకంటే తర్వాతి ఘట్టం బాగా తీశాడు. ఆ నర్సుకు ఒక మూసిన గది దొరుకుతుంది. గోడ నిండా అంతకుముందు పని చేసిన నర్సుల ఫోటోలు. అందరికీ తెల్ల గౌన్లు, తెల్ల టోపీలు, వాటి మధ్య ముఖం ఉండవలసిన చోట ఉత్త తెల్ల కాగితం. ఆమె పరుగున తన గదికి వచ్చి అద్దం వైపు తిరుగుతుంది. మా పిల్ల ఫోను గట్టిగా పట్టుకుని, "అద్దం చూడకు! బయటికి పో, బయటికి పో!" అని మొత్తుకుంటోంది. సరిగ్గా అప్పుడే మా పేటలో కరెంటు పోయింది.

మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. మా పేటలో మనుషులు మగ్గాల చప్పుడుకు నిద్రపోతారు, చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేస్తారు. ముగ్గురం కేక పెట్టాం. పిల్ల అద్దాన్ని చూసి అరిచింది. పొరుగావిడ పిల్లను చూసి అరిచింది. నేను అరిచింది మాత్రం మగ్గాలు ఆగినందుకు. ఆగిన మగ్గానికి కూలి రాదు.

అయినా సినిమాకు ఇవ్వవలసిన మెప్పు ఇస్తాను. మర్నాడు బీడీలు అప్పజెప్పేచోట, వాటిని చూసి తీసుకునే మనిషి వదులుగా ఉన్నవన్నీ ఏరి పక్కన పడేశాడు. నా చేతి బీడీలు అన్ని పోవడం నేనెరుగను. అవన్నీ ఆ ఫోటోల గదిలో చుట్టినవే.

నన్ను భయపెట్టింది మాత్రం దయ్యం కాదు, ఆ ఇంటివాళ్ళ పొగడ్త. తిట్టినవాళ్ళను తిరిగి తిట్టవచ్చు. "నిన్నటికన్నా ఈ రోజు బాగున్నావు" అన్నవాళ్ళను ఏమనగలం? చివరికి ఆ నర్సు అద్దం పగలగొట్టి బయటపడుతుంది. అది నాకు నచ్చలేదు. అంత మంచి అద్దం. గోడవైపు తిప్పి పెడితే సరిపోయేది.

ఆ రోజే, సినిమా అయి పొరుగావిడ వెళ్ళిపోయాక పిల్ల ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి ఏదో నొక్కింది. తెరలో దాని పక్కన ఒక ముసలామె ప్రత్యక్షమైంది. పిండిలో పొర్లినట్టు తెల్లగా ఉంది. ముడతలు లేవు. పెదవులు ఎర్రగా మెరుస్తున్నాయి. సినిమాకు అరవని నేను దానికి అరిచాను.

"ఎవరే గా ముసల్ది?"

"నువ్వే నానమ్మా. ఫిల్టర్ పెట్టిన. ఇప్పుడు అందరు ఇదే పెట్టుకుంటరు."

"నీది నువ్వు పెట్టుకో. నాది తియ్."

"గట్ల రాదు. పెడ్తె ఇద్దరికి, తీస్తె ఇద్దరికి."

"అయితె తియ్యి! గల్లీల ఆడోళ్ళు చూస్తె ఏమంటరు? ముసల్ది పైసలు దాసి క్రీములు కొంటున్నదంటరు. ఇన్నేండ్ల పేరు పోతది."

పిల్ల నవ్వుతుందనుకున్నాను. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా మొఖం చూస్తె వాళ్ళు వద్దంటరు నానమ్మా."

నాకు ఓదార్చడం రాదు. చేతిలో ఉన్న బీడీ ఆకు పక్కన పెట్టాను.

"వద్దంటె అననీ. ఇందాక గా నర్సుకు ఏం చెప్పినవే? అద్దం చూడకు, బయటికి పో అని మొత్తుకున్నవు. గామెకు వినవడలే. నీకు చెవులున్నయి గద. ఇంకోమాట. గా రంగు నాది. నన్నడగకుండ మార్చెటందుకు నువ్వెవరివే?"

అది ముక్కు తుడుచుకుంది. తర్వాత వేలితో ఒకటి నొక్కింది. తెరలో మేమిద్దరం మళ్ళీ మేముగా వచ్చాం. గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. మొదట్లో మాట వణికింది. నేను బంగళాలో నాలుగు మగ్గాల సంగతి ఎత్తగానే నన్ను ఆపడానికే గొంతు పెంచింది, ఆ తర్వాత వణకలేదు. పంపేటప్పుడు మాత్రం కళ్ళు మూసుకుని పంపింది.

చానల్ వాళ్ళు దాన్ని అందరూ చూసేలా పెట్టి, ఇంకో సినిమా ఇచ్చారు. ముఖం గురించి ఒక్క ముక్క రాయలేదు. పెద్దావిడను కొంచెం తక్కువ మాట్లాడమనండి అని మాత్రం రాశారు. దాన్ని నేను పట్టించుకోలేదు.

కానీ హైదరాబాదు వేరు, మా గల్లీ వేరు. నల్లా దగ్గర నీళ్ళకు నిలబడితే పొరుగావిడ అందరూ వినేలా అడిగింది, "ఏందే పిల్లా, ఫోన్ల గూడ గంత నల్లగనే ఉన్నవు?"

ఒకప్పుడైతే పిల్ల బిందె అక్కడే వదిలేసి ఇంట్లోకి పరుగెత్తేది. జవాబు చెప్పడానికి నేను నోరు తెరిచాను.

"ఫోను మంచిది చిన్నమ్మా," అంది పిల్ల. "ఉన్నది ఉన్నట్టు చూపిస్తది."

బిందె నడుమున పెట్టుకుని తాపీగా నడిచిపోయింది. తెరిచిన నోరు నేనే మూసుకోవలసి వచ్చింది.