చెన్సా ఆంటీ బుధవారాలు

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలో ఎవరో కాఫీలో లవంగాలూ సోంపూ వేసి మరిగించారు. ఆ వాసన హాల్లో పరచుకోగానే కప్పు అందుకోబోయి ఆగిపోయాను. పక్కవాళ్ళు బాగుందంటూ రెండో కప్పు పోసుకుంటున్నారు. నేను బయటికి వచ్చేశాను. అలాంటి కాఫీ నేను తాగింది ఒక్క ఇంట్లోనే, అదీ బుధవారం మధ్యాహ్నాల్లోనే.

అప్పుడు పెళ్ళయి అమెరికాలోని అల్ఫారెట్టా వచ్చిన కొత్త. ఆ రోజుల్లో హెచ్-ఫోర్ వీసా మీద వచ్చిన భార్యలకు ఉద్యోగం చేసే వీలు లేదు. పైగా నాకు కారు నడపడం రాదు. పక్కింటి డాక్టరమ్మ తల్లి చెన్సా ఎనభై ఏళ్ళావిడ, మాల్టా దేశస్థురాలు. మధ్యధరా సముద్రంలో నది అన్నదే లేని చిన్న ద్వీపమది. మొదటిరోజు "ఆంటీ" అంటే, "మినిస్టర్ అను. ఆ మాట కోసం ముప్ఫై ఏళ్ళు చెప్పులరగదీశాను," అంది ఇంగ్లీషులో. నా ముఖం చూసి నవ్వి, "సరే, ఆంటీ అనే అను. నా మనవలైతే 'హే' అంటారు," అంది. ఆమె నర్సుగా మొదలై, ఇంటింటికీ తిరిగి ఓట్లడిగి పార్లమెంటుకు వెళ్ళింది. ఆమె మాట్లాడటానికి లేస్తే మగ సభ్యులంతా కావాలని దగ్గేవారట. "ఓ రోజు దగ్గుమందు సీసా, చెంచా తీసుకెళ్ళి బల్ల మీద పెట్టాను. ముందు ఎవరికి పొయ్యాలి అని అడిగాను. మళ్ళీ ఎవరూ దగ్గలేదు." చివరికి నీటి శాఖకు మంత్రి అయింది. బుధవారం మూడింటికి ఆమె జనాన్ని కలిసేది. బంట్రోతు పేరు పిలిస్తే ఒక్కొక్కరే వచ్చి ఎదుటి కుర్చీలో కూర్చునేవారు.

పదవి పోయింది, దేశం మారింది, ఆమె బుధవారం మాత్రం మానలేదు. ముందు గదిలో రెండు కుర్చీలు ఎదురెదురుగా వేయించి, వీధి తలుపు తీయించి, నా చేతికి పాత నోటుపుస్తకం ఇచ్చేది. నేను పేర్లు చదవాలి. "అలా మింగేస్తే ఎవరు లేస్తారు? గొంతెత్తు!" అని కసిరేది. నేను గొంతెత్తేదాన్ని. ఆమె ఖాళీ కుర్చీని చూస్తూ తన భాషలో ఏదో అడిగేది, ఆగేది, తలూపేది. వృద్ధాప్యపు కాలక్షేపం అనుకున్నాను. ఒకసారి ఒక పేరు చదవగానే, "తలుపు పూర్తిగా తియ్యి. ఆయనది చక్రాల కుర్చీ," అంది. నేను లేచి తలుపు బార్లా తీశాను. దారి ఇస్తూ పక్కకు కూడా తప్పుకున్నాను. బయట మండుటెండలో వీధంతా ఖాళీ. అప్పటికిగానీ నాకు అడగాలని తోచలేదు.

"వీళ్ళంతా ఎక్కడుంటారు ఆంటీ?"

"ఎక్కడా లేరు. అందరూ పోయారు."

శుక్రవారం ప్రార్థన కూటంలో ఈ సంగతి చెబితే కూటం నడిపే సువర్ణక్క చేతిలోని ప్లేటు కింద పెట్టేసింది. "ఏందమ్మా నువ్వు! చచ్చినోళ్ళని పేరు పెట్టి పిలుస్తున్నవా? డోర్ కూడా ఓపెన్ చేసి మరీ? బైబిల్ల రాజంతటోడు చనిపోయిన ప్రవక్తని లేపించుకొని మర్నాడే ఎట్ల చచ్చిండో నీకు నేను చెప్పాల్నా? ఇమ్మీడియెట్‌గా స్టాప్ చెయ్యి." నాకు చెప్పనక్కర్లేదు. పాస్టరు కూతుర్ని, ఆ వాక్యం అక్షరాలు నేర్చిన నాటి నుంచీ తెలుసు. ఆ నాలుగు రోజులూ ఉపవాసముండి, ఇక చదవనని చెప్పడానికే తర్వాతి బుధవారం వెళ్ళాను.

అప్పటికి ఆమె గుండె బాగా బలహీనపడింది. ఇక రోజులేనని కూతురు గుమ్మంలోనే చెప్పింది. ఆంటీ నోటుపుస్తకం చివరి పుట తీసి ఉంచింది. ఆ పుటలో ఒకే పేరు ఉండేది, ప్రతివారం దాని ముందే ఆపించేది. "జూజా," అంది. "పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాచుకుంది. ఊళ్ళో కొళాయి రావడం లేదని. ఆమె వంతు వచ్చేసరికి నేను అలసిపోయాను. కాగితాల్లోంచి తలెత్తకుండానే వచ్చే బుధవారం రమ్మన్నాను. మా పాత ఇళ్ళలో నేల కింద వాననీటి తొట్టి ఉంటుంది. అడుగున మిగిలిన నీళ్ళ కోసం అందులోకి దిగి పడిపోయింది. నేను ఆమె ముఖం కూడా చూడలేదు. నేను పోయేలోగా ఆ పేరు పిలువు."

"పిలవను ఆంటీ. చనిపోయినవాళ్ళను రప్పించడం పాపం."

"రప్పించడమా?" ఆమెకు కోపం వచ్చింది. "ఒక్కరైనా వచ్చారని నేనన్నానా? ఆనాడు వాళ్ళు నా కోసం కాచుకున్నారు. ఇప్పుడు నేను కాచుకుంటున్నాను."

"మరి చక్రాల కుర్చీ?"

"ఒకవేళ వస్తే ఇబ్బంది పడకూడదుగా!"

నేను ప్రభువును తలచుకుని, తలుపు వైపు తిరిగి, గొంతెత్తి ఆ పేరు పిలిచాను. ఎవరూ రాలేదు. గడియారం నాలుగు దాటింది. అప్పుడు ఆంటీ మెల్లగా లేచి, చేతిసంచి తీసుకుని వెళ్ళి, వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు ఖాళీగా ఉన్నది మంత్రి కుర్చీ. ఆమె సంచిని ఒళ్ళో పెట్టుకుని, మెడ వంచి, నేనెప్పుడూ వినని చిన్న గొంతుతో ఏదో అడగసాగింది. ఆ కుర్చీలో ఎవరో తలెత్తకుండా కాగితాలు చూసుకుంటున్నట్టు నాకు అనిపించింది. నేను అటు చూడలేదు. చూడనందుకు దేవునికి ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను. చాలాసేపటికి ఆమె తలూపి నా వైపు తిరిగింది.

"వచ్చే బుధవారం రమ్మంది."

ఆ ముఖంలో బాధ లేదు. లైన్లో తనకూ చోటు దొరికిన మనిషి ముఖంలా ఉంది.

తర్వాతి బుధవారం మూడింటికి వెళితే కూతురు ఏడుస్తూ తలుపు తీసింది. ఆంటీ పొద్దున్నే లేచి, పార్లమెంటుకు వేసుకెళ్ళిన సూటు అడిగి వేయించుకుని, సంచి పట్టుకుని అదే కుర్చీలో కూర్చుందట. కాఫీ కలిపి తెచ్చేసరికి ప్రాణం లేదు.

నేను చేసింది పాపమో కాదో ఇంతవరకు తేలలేదు. దాని గురించి ప్రార్థించడం మానలేదు. ఇప్పుడు మా సంఘంలో కొత్తగా వచ్చిన విద్యార్థుల అవసరాలు చూసే పని నాది. గది దొరకలేదనో, వీసా కాగితాలు అర్థం కాలేదనో వస్తారు. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు అలసి, "వచ్చే వారం రా నాన్నా" అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. వెంటనే తలెత్తి ఎదుటివాళ్ళ ముఖం చూస్తాను, గుర్తుండేదాకా చూస్తాను. ఆ రోజే పని పూర్తిచేసి పంపిస్తాను. సిస్టర్‌ది ఎంత ప్రేమగల మనసో అంటారు సంఘంలో. అది ప్రేమ కాదు, భయమని దేవునికి తెలుసు.