ఉతుకులో పోయిన చాపరేఖలు

మా చిన్నతనంలో పెడనలో తేలు కుడితే మంత్రం ఉండేది, పాము కరిస్తే పసరు ఉండేది, లెక్కల మాస్టారికి మాత్రం విరుగుడు ఉండేది కాదు. ఆయన్ని మేం 'ఎక్సు మాస్టారు' అనుకునేవాళ్లం (ఆయన వినలేనంత దూరంలో, అదీ గొంతు తగ్గించి). గుమ్మంలో అడుగు పెడుతూనే "ఎక్సు ఎంతరా?" అనేవారు. అంత చదువుకున్న ఆయనకే తెలియనిది నాకెలా తెలుస్తుందన్నది నా బాధ. బీజగణితమంటే భయం, భిన్నాలంటే వణుకు, రేఖాగణితమంటే ఏకంగా చలిజ్వరం. బోర్డు మీద గీసే చెక్క వృత్తలేఖిని కిర్రుమంటే నా పళ్లు దానికి వంత పాడేవి.

ఏడో తరగతిలో ఓ రోజు అరకి మూడోవంతు కలపమన్నారు. పైవి పైకి, కిందవి కిందకి కూడేసి "రెండు బై అయిదండీ" అన్నాను. "అర అట్టుకి ఇంకో ముక్క కలిపితే అరకన్నా తగ్గిపోయిందేంరా? మధ్యలో నువ్వు తినేశావా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అదే కొంప ముంచింది. "రేపు బోర్డు దగ్గర లెక్క చెయ్యి. రాలేదా, ఆరో క్లాసుకెళ్లి మీ చెల్లి పక్కన కూర్చో!"

బెత్తం దెబ్బలైతే ఓర్చుకునేవాణ్ణి. చెల్లెలి పక్కన! ఆ కబురు నాకన్నా ముందే ఇల్లు చేరింది. "అన్నయ్యా, మా బెంచీలో జాగా ఉంచనా? నీ కాళ్లు పడతాయంటావా?" అని అదే పనిగా అడుగుతోంది మా చెల్లి. అన్నం సగంలో వదిలేసి, నాన్న బట్టల మీద అచ్చులు వేసే అద్దకం బల్ల దగ్గర కూలబడ్డాను. నాన్న పెన్సిలు గీతల వెంబడి చెక్క అచ్చుతో దుప్పటికి అంచు వేస్తున్నారు. మూల తిరిగే చోట రెండు అంచులూ ఒకదాని మీదొకటి ఎక్కకూడదు. అందుకని పాత పేపరు మూలని అంచుకి అంచు కలిపి మడిచి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్ది, ఏటవాలుగా పరిచి, దాని మీదుగా అచ్చు వేస్తారు. పేపరు తీస్తే మూల కత్తితో కోసినట్టుంటుంది. "మరి ఈ పెన్సిలు గీతలో?" అన్నాను. "ఉతుకులో పోతాయిరా. అంచు కలిసిందా లేదా, అదే చూస్తారు ఎవరైనా" అన్నారు నాన్న.

మర్నాడు మాస్టారు బోర్డు మీద లంబకోణం గీసి, "దీన్ని సమద్విఖండన చెయ్యి" అని చెక్క వృత్తలేఖిని చేతికిచ్చారు. దాని కాళ్లు రెండూ వణికాయి (నావీ అంతే). కిటికీలోంచి చూస్తే పక్క గదిలో మా చెల్లి నిజంగానే జరిగి కూర్చుంది. ఆ ఖాళీ జాగా చూశాక నాకేమైందో తెలియదు. మాస్టారి బల్ల మీది పేపరు లాగి, అంచుకి అంచు కలిపి మడిచి, అలవాటు కొద్దీ ఠప్పున ఒక గుద్దు గుద్దాను. మాస్టారు ఉలిక్కిపడ్డారు. "ఒరేయ్, అది నేనింకా చదవలేదురా!" అప్పటికే కోణం మూలకి పేపరు ఆనించి, మడత వెంట గీత గీసేశాను.

ఆయన కోణమానిని పెట్టి కొలిచారు. ఇటు తిప్పి మళ్లీ కొలిచారు. సరిగ్గా సగం. "గీత సరే, వృత్తలేఖినితో గియ్యాల్సిన చాపరేఖలేవిరా?"

బుర్రలో ఉన్నది ఒక్కటే మాట, అదే బయటికొచ్చింది.

"ఉతుకులో పోయాయండీ."

మాస్టారు మీసం అదిరింది. కోపమో నవ్వో తేలేలోపు ఆయన బోర్డు వైపు తిరిగిపోయారు. భుజాలు మాత్రం కాసేపు ఊగాయి. "సమాధానం ఉంది, సాధన లేదు. సగం లెక్క. కాబట్టి పొద్దున్నపూట ఇక్కడ, మధ్యాహ్నం మీ చెల్లి దగ్గర!"

ఆ మధ్యాహ్నం తల వంచుకుని ఆరో క్లాసులోకి వెళ్లాను. ఎగతాళి చేస్తుందనుకున్న చెల్లి జరిగి జాగా ఇచ్చింది. "గోడ వైపు కూర్చో అన్నయ్యా, మాస్టారికి కనబడవు" అంది. నాకు కాస్తో కూస్తో భిన్నాలు వచ్చాయంటే ఆ గోడవారనే.

తరవాత ఎలాగో తొమ్మిదో క్లాసు దాకా ఈది అద్దకం బల్ల దగ్గర ఒడ్డెక్కాను. జుట్టు నెరిసింది. ఈనాటికీ దుప్పటి మూల దగ్గర పేపరు మడిచి గుద్దగానే మాస్టారు గుర్తొస్తారు. ఓసారి వెనక్కి తిరిగి చూస్తాను. ఎవరూ ఉండరు. అయినా ఎందుకైనా మంచిదని, "ఉతుకులో పోయాయండీ" అని మెల్లిగా అనుకుని, అప్పుడు అచ్చు వేస్తాను.