అయిదుగురి గది

మా ఇంట్లో చలికాలం మైదా జిగురుతో మొదలవుతుంది. గాలి చల్లబడిన మొదటి ఆదివారం మా వదిన గిన్నెలో మైదా ఉడికించి, పాత పేపర్లను రెండు వేళ్ల వెడల్పు పట్టీలుగా చింపి, కిటికీ సందులన్నీ మూసేస్తుంది. మావి రెండు గదులు. రెండింట్లోనూ పొయ్యి రాజేసే తాహతు మాకు లేదు. అందుకని ఆ నాలుగు నెలలూ రెండో గదికి తాళం పెట్టి, పొయ్యి ఉన్న గదిలోనే అందరం సర్దుకుంటాం. అన్నయ్య, అమ్మ, అన్నయ్య పిల్లలిద్దరూ, నేను. వదిన పేరెత్తలేదేమని అడుగుతారు. వదిన చలికాలం రాత్రుళ్ళు ఇంట్లో ఉండదు.

ఆవిడ ఆసుపత్రిలో వార్డులు తుడుస్తుంది. అక్కడ నైట్ డ్యూటీ తప్పించుకోవడానికి మిగతావాళ్ళంతా సూపర్‌వైజరు కాళ్ళావేళ్ళా పడుతుంటే, మా వదిన ఏటా వెళ్ళి అడిగి మరీ వేయించుకుంటుంది. సాయంత్రం మా అందరికీ వండిపెట్టి వెళ్తుంది. తెల్లారాక కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చి, పిల్లల్ని బడికి తరిమి, అమ్మకు మందు పోసి, అప్పుడు నడుం వాలుస్తుంది. వాల్చిన గంటకే కింద వాటాలో గిన్నెల మోత. ఆ నిద్ర నిద్రేనా?

పోనీ ఇంట్లో పనైనా తక్కువా అంటే అదీ లేదు. చలికి ఇల్లు సిద్ధం చేయడమంతా ఆవిడే. పెద్దదాని కోటు విప్పి తిరగేసి బుడ్డోడికి కుట్టాలి. బొంతల్లో ఉండకట్టిన దూది పీకి మళ్ళీ పరచాలి. అన్నయ్య కోత మిల్లులో పనిచేస్తాడు. అక్కడి రంపపు పొట్టు తెచ్చి, ఆయన పాత ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, అందులో కూరి, రెండు కొసలూ కుట్టేసి తలుపు కింద అడ్డం పెడుతుంది. బుడ్డోడు దానికి ‘సగం నాన్న’ అని పేరు పెట్టాడు. తలుపు తీయాలంటే సగం నాన్నను కాలితో పక్కకు నెట్టాలి. అమ్మకు అది నచ్చదు. ప్యాంటైనా సరే, కొడుకును తన్నడమేమిటని ఆవిడ బాధ.

ఈ ఏడు కిటికీకి పట్టీలు అంటిస్తూ స్టూలు మీద నిలబడే నిద్రపోయింది వదిన. నుదురు అద్దానికి ఆనించి, చేతిలో జిగురు కుంచెతో. నేను చూసి పట్టుకోబట్టి సరిపోయింది. అసలే నాకు ముక్కు మీద కోపం.

“చచ్చిపోతావా ఏంటి? పోయినేడు మెట్ల మీద తూలి పడ్డావు. అయినా మళ్ళీ నైట్లు వేయించుకున్నావట. ఎవరిని ఉద్ధరిద్దామని?”

“ఆసుపత్రిలో బాయిలరు ఉంది పిల్లా. గొట్టాలు కాలిపోతుంటాయి. మీరిక్కడ గజగజ వణుకుతుంటే నేనక్కడ మహారాణిని.”

“మహారాణి గారు మొహం అద్దంలో చూసుకున్నారా ఈ మధ్య?”

“అద్దానికి పట్టీలు అంటించేశాం కదా. ఇంకేం కనిపిస్తుంది” అని నవ్వి మళ్ళీ కుంచె అందుకుంది.

ఏం చెప్పినా ఇంతే, నవ్వులాటలోకి దించేస్తుంది. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండింది. మనిషి కళ్ళముందే అరిగిపోతోంది. అన్నయ్య నోరెత్తడు. ఇక నేనే తాడోపేడో తేల్చేయాలనుకున్నాను.

నేను దర్జీ షాపులో కాజాలు తీసి గుండీలు కుడతాను. మర్నాడు మధ్యాహ్నం షాపులో గంట అడిగి నేరుగా ఆసుపత్రికి వెళ్ళి, సూపర్‌వైజరు ముందు నిలబడ్డాను.

“మా వదినకి కళ్ళు తిరుగుతున్నాయండీ. మీకు చెప్పుకోవట్లేదు. రేపు ఏ వార్డులోనో పడిపోతే మీ మెడకే చుట్టుకుంటుంది” అని బెదిరించాను.

ఆయన చాలాసేపు నసిగాడు. అడిగి నైటు చేసేది ఆవిడొక్కతే అన్నాడు. ఇంకా రెండు చోట్లు ఖాళీగానే ఉన్నాయని ఏడ్చాడు. నేను కదలకపోయేసరికి పేరు కొట్టేసి పగటి జాబితాలో రాశాడు.

ఏదో ఘనకార్యం చేసినట్టు ఇంటికొచ్చాను. గుమ్మంలోనే చెప్పేశాను. “ఇక నైట్లు లేవు. హాయిగా ఇంట్లో పడుకో.”

వదిన తిట్టలేదు. ఆరిపోతున్న జిగురు మీద మూత పెట్టింది. తర్వాత పక్కలన్నీ దింపి, పట్టపగలే నేల మీద పరచడం మొదలుపెట్టింది. పొయ్యికి దగ్గరగా అమ్మ. తలుపు దగ్గర అన్నయ్య. మధ్యలో బుడ్డోడు, పెద్దది, నేను. ఇంకో పక్క వేయాలంటే అవతలి గోడ వారనే చోటుంది. ఆ గోడ చలికాలమంతా చెమ్మ ఊరుతూనే ఉంటుంది. ఒకసారి అక్కడ పడుకునే అమ్మకు నెమ్ము చేసి, మనిషి దక్కితే చాలనిపించింది.

“ఇప్పుడు చెప్పు, నేనెక్కడ?” అంది వదిన.

నేను నా పక్కను జరిపాను. పెద్దది గోడకు తగిలింది. పెద్దదాన్ని ఇటు లాగాను. బుడ్డోడి బొంత అన్నయ్య పక్క మీదికెక్కింది. ఎటు జరిపినా ఎవరో ఒకరు చెమ్మగోడకు ఆనుకోవలసిందే. నాకు ఉక్రోషం వచ్చేసింది.

“నైట్లు మొదలుపెట్టకముందు నువ్వూ ఇక్కడే కదా పడుకున్నావు? అప్పుడు పట్టిన గది ఇప్పుడెందుకు పట్టదు?”

వదిన బొంత మడత పెట్టసాగింది. కిటికీ దగ్గర లెక్కలు చేసుకుంటున్న పెద్దది తలెత్తకుండానే అంది.

“అప్పుడు నువ్వు లేవు కదత్తా.”

“నోర్ముయ్యవే” అంది వదిన. దాన్ని కసిరింది గానీ నా వైపు చూడలేదు.

నేను ఆ ఇంటికి వచ్చి ఆరేళ్ళు. మా ఆయన పోయాక ఒక ట్రంకు పెట్టెతో వచ్చి గుమ్మంలో నిలబడితే, అన్నయ్య కంటే ముందు వచ్చి పెట్టె అందుకున్నది వదినే. ఇంకా చలి ముదరలేదప్పటికి. ఆ నెలలోనే నైట్ డ్యూటీ అడిగి వేయించుకుంది. నేనే మొద్దుదాన్ని. ఆరు చలికాలాలు ఆవిడ చోట్లో కాళ్ళు చాపుకుని పడుకుని, ఇంటి పట్టున ఉండదేమని ఆవిడనే దెప్పాను. సిగ్గుతో తలెత్తలేకపోయాను. చెప్పొచ్చు కదా అని కోపం కూడా వచ్చింది. కానీ ఏమని చెప్తుంది? నువ్వొచ్చావు, చోటు చాలట్లేదనా?

మర్నాడు మళ్ళీ సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళాను.

“మళ్ళీ ఏంటమ్మా?” అన్నాడు.

“ఆవిడకి పగలే ఉంచండి. నైటు ఖాళీలో నన్ను పెట్టుకోండి, ఈ నాలుగు నెలలు.”

“ఎప్పుడైనా చేశావా ఈ పని?”

“నేల తుడవని ఆడది ఎక్కడుందండీ.”

ఆయన నన్ను ఎగాదిగా చూసి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించాడు.

సంగతి తెలిసి వదిన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. గిన్నెలు మాత్రం గట్టిగా పెట్టింది. ఇంట్లో గొడవ పడితే అన్నయ్యకు మిల్లులో పని ఎక్కువవుతుంది. ఆ రెండు రోజులూ ఆలస్యంగా వచ్చాడు. నేను దర్జీని బతిమాలుకుంటే కాజాల పని ఇంటికిస్తానన్నాడు.

మూడో రోజు సాయంత్రం నేను చెప్పులేసుకుంటుంటే వదిన వచ్చింది. తన డ్యూటీ స్వెట్టరు నా భుజాల మీద వేసి గుండీలు పెట్టింది. చిన్నపిల్లకు పెట్టినట్టు పైదాకా పెట్టింది.

“మూడో వార్డు చివర గొట్టం పక్కన బల్ల ఉంటుంది. నర్సమ్మ టీకి వెళ్ళినప్పుడు పది నిమిషాలు వాలు. వీపు గొట్టానికి ఆనించకు, కాలుతుంది. నాకు మచ్చ ఉంది” అంది.

“ఊఁ.”

“నేను లేచే వేళకి నువ్వొచ్చేస్తావు. దార్లో ఎక్కడా ఆగకు. నా పక్క తీయకుండా ఉంచుతా. వేడి పోకముందే వచ్చి దూరు.”

ఆరేళ్ళలో ఒక్క పొద్దునైనా ఆవిడ కోసం నేను అలా ఉంచలేదు. లేవగానే పక్క చుట్టేసి, మూల పెట్టి, షాపుకు వెళ్ళిపోయేదాన్ని. ఆ మాట అందామని నోరు తెరిస్తే ఏడుపొచ్చేసింది. వదిన చూడకుండా మెట్లు దిగేశాను.