బీడీ పెట్టెల కింద చెమ్మ

బత్తలపల్లె రోడ్డు మీద, లారీ సరుకు దించే గోదాముకు నేనే కాపలా. ఊడ్చేదీ నేనే. ఒక వేసవిలో మా దగ్గర నిలవ ఉన్న బీడీ పెట్టెల్లో అడుగు వరుసంతా బూజు పట్టి వెనక్కి వచ్చింది. అప్పటికి చినుకు పడి నెలలయింది.

"ఇంగొకసారి ఇట్లయితే నిన్ను పెట్టుకోలేనక్కా" అన్నాడు యజమాని. మా ఇల్లు నడిచేది ఆ పనితోనే.

విశ్వాసి అయ్యుండి బీడీలకు కాపలానా అని మా చర్చి సంఘంలో అప్పటికే కొందరు గొణిగేవారు. పొగాకు మీద నాకూ ప్రేమ లేదు. కానీ నమ్మి అప్పగించిన సొత్తును పాడుచేసి దేవుని ముందు ఎలా నిలబడను? పెట్టెలు తీసేసిన చోటే మోకరించి ఏడ్చాను. లేచి చూస్తే మోకాళ్ల దగ్గర చీర నేల చెమ్మకు తడిసి ఉంది.

నీళ్లు చల్లింది నేనే. దుమ్ము లేవకుండా, కాస్త చల్లగా ఉంటుందని, ఇంటి వాకిలికి చల్లినట్టు రోజూ రెండు బిందెలు చల్లేదాన్ని. ఆ నీళ్లు బండల సందుల్లోంచి పెట్టెల కిందికి చేరాయి. వానే ఎరగని చోట చెమ్మకు భయపడేదెవరు?

పోయి యజమానికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. "నువ్వు చెప్పకుంటే నాకు తెలిసేదే కాదు" అని, ఇంకొక లోడు నా చేతికే వదిలాడు.

ఈసారి కింద చెక్కలు పరిపించాను. గోడకు మూరెడు ఎడం ఉంచాను. పొగాకు ఏ వాసననైనా పీల్చుకుంటుంది కాబట్టి అగరబత్తులనూ నూనె డబ్బాలనూ అవతలి మూలకు తోయించాను. లోపల అగ్గిపెట్టె తీయొద్దన్నాను. నీళ్లు చల్లడం మానేశాను.

హమాలీల పెద్ద దగ్గుతూ వచ్చాడు. "ఏమక్కా, దుమ్ము తిని సావాల్నా మేము? బీడీలకుండే మర్యాద మాకు లేదే!"

"ఓడ కట్టేటప్పుడు నోవహును చూసి కూడా ఇట్లే నవ్వింటారప్పా."

"ఆయప్ప వానకని కట్టినాడు. ఈడ వాన యాడుండాది?"

"నేను నా బిందెకు భయపడి కడతాండా!"

రెండు వారాలకు పామిడి నుంచి సరుకు వ్యాపారి వచ్చాడు. పై పెట్టెలు ముట్టనే లేదు. అట్టడుగున, గోడవైపు పెట్టెను లాగించి, కట్ట విప్పి, ఒక బీడీని వాసన చూశాడు. వేళ్లతో నొక్కాడు. మరొకటి తీశాడు.

"సరుకంటే ఇట్లుండాల! ఇంగ మావన్నీ ఈడే దించుతాము, మీ హమాలీలకు చేతినిండా పనే" అన్నాడు.

"స్తోత్రం!" అని అరిచాను. ఆరాధనలో కూడా నా గొంతు అంత పైకి ఎన్నడూ లేవలేదు. నాకంటే గట్టిగా "స్తోత్రం!" అన్నాడు హమాలీల పెద్ద, దుమ్ముకు దగ్గుతూనే.