మొదటి ఫ్రేములో మా బావ

నిన్న పొద్దున షాపు తాళం తీస్తుంటే అక్క ఫోన్ చేసింది.

"మీ బావ లెగట్లేదురా" అంది. అంతే.

గజపతినగరం నుంచి రాజాం దాకా బండి మీద ఒకటే అనుకుంటూ వెళ్ళాను. మొద్దు నిద్ర అయ్యుంటుంది, నేను వెళ్ళేసరికి లేచి టీ తాగుతుంటాడు అని.

లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నారు.

పైడిరాజు బావ ఇక లేడు. నేనే రాస్తున్నాను, నాకే నమ్మబుద్ధి కావడం లేదు.

మీలో చాలామందికి ఆయన కుట్టుమిషన్లు బాగుచేసే పైడిరాజు. నాకు మా గౌరి అక్క భర్త. అంతకన్నా ఎక్కువ ఫ్రెండ్. ఆకాశం పిచ్చోడు.

మూతపడిన ఒక స్టూడియో వాళ్ళు పాత ఫిల్ము కెమెరా పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నాడు. దాంతో నక్షత్రాలు తీస్తానన్నాడు. గంటల తరబడి షట్టర్ తెరిచి ఉంచాలి. భూమి తిరుగుతుంటే చుక్కలన్నీ ఫిల్ము మీద గుండ్రంగా గీతలు గీస్తాయి.

చిక్కేమిటంటే, ఆ కెమెరాలో షట్టర్‌ని తెరిచి పట్టుకునేది బ్యాటరీ. అరగంటకే అది చచ్చేది. షట్టర్ టక్కున మూసుకునేది.

ఇంకొకరైతే వేరే కెమెరా చూసుకుంటారు. మా బావ స్క్రూడ్రైవర్ తీశాడు.

కుట్టుమిషను బాబిన్ కేసులో ఉండే సన్న స్ప్రింగు రేకుని అరగదీసి, షట్టర్ పడకుండా ఆపే కొక్కెం చేశాడు. బ్యాటరీతో పని లేకుండా. నెలల తరబడి చేశాడు. వెలుతురు దూరకుండా మూత చుట్టూ మఖమల్ పీలికలు అంటించాడు. కెమెరా లోపల టార్చి పెట్టి, మిట్టమధ్యాహ్నం దాంతో అక్కని దుప్పట్లోకి దూర్చి, ఎక్కడన్నా వెలుతురు కారుతోందేమో చూడమనేవాడు.

"కూర మాడిపోతన్నాదయ్యా!" అని దుప్పట్లోంచి అక్క అరుపులు.

మొదటి రీలు ఎస్.కోట దాటాక కొండ కింద జీడితోటలో తీశాం. వైజాగ్ ల్యాబుకి పంపాం. కడిగి, ముక్కలు కోసి పంపించారు.

ప్రతి ఫోటో సరిగ్గా మధ్యకి కోసుంది.

వాళ్ళ తప్పు కాదు. పెళ్ళి రీలయితే మొహాలు చూసి ఎక్కడ కొయ్యాలో తెలుస్తుంది. మాది మొత్తం నలుపు. ఫ్రేము ఎక్కడ మొదలయిందో వాళ్ళకెలా తెలుస్తుంది? నేను ఫోన్‌లో తిట్టబోతే బావ ఆపాడు.

"సుద్దగీత ఎయ్యకుండా గుడ్డ కొయ్యమంటే ఎవుడైనా ఇలాగే కోస్తాడురా" అన్నాడు.

అప్పటి నుంచి ప్రతి రీలుకీ మొదటి ఫ్రేము పగటిపూట, ఒక మనిషి మొహం. దాన్ని చూసి కోత మొదలుపెడతారు. ఆ మొహం ఎప్పుడూ నాదే. "నా సుద్దగీత వచ్చీసినాడు" అనేవాడు నన్ను చూసి.

తనని తియ్యనిచ్చేవాడు కాదు. "నా మొఖం తీస్తే సుక్కలకి దిష్టి తగుల్తాది." నవ్వించి తప్పించుకునేవాడు.

నిన్న దండ వెయ్యడానికి ఫోటో కావాలన్నారు. అందరి ఫోన్లూ వెతికాం. అన్నింట్లోనూ చెయ్యి అడ్డం, లేదా సగం చెవి. చివరికి ఆధార్ కార్డు ఫోటోని పెద్దది చేయించాం. అది మా బావ కాదు. ఎవరో భయపడుతున్న మనిషి.

ఏడుపు నాకు అప్పుడు వచ్చింది.

చుక్కలకి చీకటి రాత్రి కావాలి కదా, ప్రతి అమావాస్యకీ ముందు ఫోన్ చేసేవాడు. మూడు అమావాస్యలు నేను వెళ్ళలేదు. నేను లేక ఆయనా రీలు వెయ్యలేదు. పోయిన ఆదివారం కూడా చేశాడు.

"ఈసారైనా వస్తావేటి?"

"మొక్కజొన్నకి యూరియా సీజను బావా. షాపు ఒదల్లేను. వచ్చే అమావాస్యకి వస్తాను."

"మరి మొదటి ఫోటోకి మొఖం ఎవుడిదిరా?"

"నీదే తీసుకో. ఒక్కసారికి సుక్కలేటీ రాలిపోవు."

నవ్వి పెట్టేశాడు. ఆయనతో అదే ఆఖరి మాట.

నిన్న సాయంత్రం అందరూ వెళ్ళాక అక్క కెమెరా తెచ్చి నా చేతిలో పెట్టింది. లోపల రీలుంది. కౌంటర్ ఒకటి దగ్గర ఆగి ఉంది. అంటే మొదటి ఫోటో ఒక్కటే తీశాడు.

నిన్ను తీశాడా అని అడిగాను.

"నన్ను నిలబెట్టలేదురా. మొన్న పొద్దున్న తలకి నూనె రాసి దువ్వుకుని, బీరువా అద్దం ముందు ఈ కెమెరా ఎట్టుకుని నిలబడ్డాడు. ఏటయ్యా ఇది అంటే, మీ తమ్ముడు సెప్పినాడే అన్నాడు."

కెమెరాని తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను.

ఇప్పుడే కడిగించేస్తే పెద్దకర్మకి మంచి ఫోటో ఉంటుంది కదా అన్నాను. అక్క ఒప్పుకోలేదు.

"ఒక్క బొమ్మకి రీలంతా పాడుసేత్తావేటి? ఆయన ఊరుకోడు. అది సుక్కల రీలు. నింపి ఇయ్యి."

అందుకే పెద్దకర్మకి కూడా ఆ ఆధార్ ఫోటోయే. వచ్చినవాళ్ళు ఏమీ అనుకోవద్దు.

రేపు అమావాస్య. బయల్దేరే ముందు బావ మళ్ళీ ఒకసారి చేసే ఫోన్ ఈపాటికి రావాలి. రాదని తెలిసీ పొద్దుటి నుంచి ఫోన్ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.

వచ్చే అమావాస్యకి వస్తాను బావా. ఈసారి నిజంగా. షాపు మూసేసి, అక్కని వెంటబెట్టుకుని జీడితోటకి వస్తాను. నీ కొక్కెం ఎలా వెయ్యాలో నాకు తెలుసు. రీలు నింపి వైజాగ్ పంపిస్తాను.

వాళ్ళు నీ మొహం చూసుకుని కోత మొదలుపెడతారు. ఒక్క చుక్క కూడా తెగదు.

వెళ్ళిరా బావా. ఎక్కడున్నా చల్లగా, నిశ్చింతగా ఉండు.