తగ్గిన తవుడు

కరోనా తర్వాత కాలేజీలు మళ్లీ తెరిచిన ఏడాది. చెన్నైలో ఒక ప్రైవేటు కాలేజీ బయోటెక్ ల్యాబులో నేను కాంట్రాక్టు మీద అటెండరుగా చేస్తున్నాను. ఇంట్లో పచ్చడికి బూజు పడితే పారేస్తాం. అక్కడ దాన్నే పెంచుతారు, ఫంగస్ అంటారు.

గోధుమ తవుడు తడిపి, ఆటోక్లేవులో, అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి దాంట్లో ఉడికించి, ట్రేలలో పరిచి, మీద ఫంగస్ విత్తనం చల్లుతారు. ఇంక్యుబేటరు అనే వెచ్చని అలమారాలో పెడితే తెల్లటి దారాలు తవుడును అల్లుకుంటాయి. చిక్కంతా అక్కడే. ఆ దారాలను తవుడులోంచి విడదీయలేం కాబట్టి ఫంగస్ ఎంత పెరిగిందో నేరుగా తూచలేం.

అప్పుడు దీపిక అనే అమ్మాయి ప్రాజెక్టు చేస్తోంది. కోడంబాక్కం పిల్ల, తెలుగువాళ్లే. అన్ని ట్రేలలో ఒకే తూకం తవుడు పోసి, రోజుకొకటి తీసి ఇచ్చేది. దాన్ని ఓవెన్‌లో తడి లేకుండా ఎండబెట్టి తూచడం నా పని. ఫంగస్ పెరిగేకొద్దీ తూకం పెరగాలని ఆ అమ్మాయి లెక్క. నాకూ అదే సబబనిపించింది. తూకం మాత్రం రోజురోజుకూ తగ్గుతూ వచ్చింది.

మా ఆడబిడ్డ వ్యాసర్పాడిలో ఆవులు పెట్టుకుందని ల్యాబులో అందరికీ తెలుసు. స్టోరు చూసే మాణిక్యం ఒకరోజు అందరూ వినేటట్టు, “ఏంమా సరోజా, మీ ఆడబిడ్డ ఆవులు ఇప్పుడు పాలు బాగా ఇస్తా ఉండాయంట గదా,” అన్నాడు.

“బూజు తవుడు ఆవుకు ఎవురన్నా పెడతారా అన్నా? నీకైతే పెట్టొచ్చు,” అన్నాను. కొందరు నవ్వారు. దీపిక మాత్రం తల వంచుకుని తూకం మెషిన్ తుడుస్తూ ఉండిపోయింది. నాకు అదే తగిలింది. కాంట్రాక్టు పని. తవుడు నేనే ఎత్తుకెళ్తున్నానన్న ఈ మాట సూపర్‌వైజరు చెవిన పడితే రేపటి నుంచి రావద్దంటారు.

మర్నాడు దీపిక గైడు మేడం దగ్గరికి నేనే వెళ్లి, ఈ సంగతి నా ముందరే తేల్చమని అడిగాను. మేడం నవ్వలేదు. రెండు గాజు జాడీలు తెప్పించారు. ఒకదాంట్లో ఫంగస్ పట్టిన తవుడు, రెండోదాంట్లో ఉత్త తవుడు. వాటిలోంచి వచ్చే గాలిని గొట్టాలతో సున్నపు తేటలోకి పంపారు. సాయంత్రానికి ఫంగస్ వైపు తేట పాలలాగా తెల్లబడింది. రెండోది తేటగానే ఉంది.

ఫంగస్ తవుడు తిని మనలాగే ఊపిరి వదులుతుందట, ఆ ఊపిరి తగిలే సున్నపు తేట తెల్లబడిందట. తిన్నదాంట్లో కొంత ఆ ఊపిరితో గాల్లోకి పోతుందట. అందుకే అది పెరిగేకొద్దీ తూకం తగ్గుతుందని మేడం విడమరిచి చెప్పారు. ఫంగస్ ఒంట్లో ఉండి తవుడులో ఉండని గ్లూకోసమైన్ అనేదాన్ని కూడా కొలవమని దీపికకు చెప్పారు. తూకం తగ్గిన ట్రేలలో అది పెరిగి కనిపించింది.

మాణిక్యం జాడీలు చూసి, టీకని వెళ్లిపోయాడు. నేను ట్రేలు కడుగుతుంటే దీపిక పక్కన వచ్చి నిలబడింది.

“అక్కా, నువ్వు తీసినావని నేను అనుకోలా. కానీ ఆ మాట ఆయనకి చెప్పలా.”

“అది చెప్పుంటే సున్నపు తేటతో పనే లేకపోయేది మా,” అన్నాను.

ఆ అమ్మాయి తడి ట్రేలు అందుకుని బోర్లించింది.

అప్పటి నుంచి ల్యాబులో ఎవరి మీద మాట వచ్చినా, నాకు తెలిసింది అక్కడికక్కడే చెప్పేస్తాను. తర్వాత ఒకసారి స్టోరులో సామాను తగ్గిందని మాణిక్యం మీద మాట వచ్చింది. అతను తీయలేదని అప్పుడూ చెప్పాను.