బావగారి చేతి రంగు

మొన్న కొవ్వూరులో ఒక ఫ్లెక్సీ షాపులో కూర్చోవలసి వచ్చింది. గదిలో సగం ప్రింటింగు మిషనే ఆక్రమించింది. మిగిలిన సగంలో ఒక కంప్యూటరు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఇంకు వాసన. మా బావగారు పోయి ఏడాది కావస్తోంది. ఈ రోజుల్లో మనిషి పుట్టినా, పోయినా, వార్డు మెంబరుగా గెలిచినా ఫ్లెక్సీ ఉండాలి కనుక, సంవత్సరీకానికి ఒకటి వేయిద్దామని మా అక్క కొడుకు నన్నూ, వాళ్లమ్మనూ వెంటబెట్టుకొచ్చాడు. కంప్యూటరు ముందున్న అమ్మాయి నేను తెచ్చిన ఫొటోను తెర మీద పెద్దది చేసి, కాసేపు చూసి, ఎంతో మర్యాదగా అడిగింది. "ఫేసు కొంచెం తెలుపు చేసెయ్యమంటారా అండీ?"

"చేసెయ్యండి" అన్నాడు మా మేనల్లుడు.

"మీ నాన్న వద్దన్నారురా" అన్నాను.

"ఏదో సరదాకి అనుంటారు మామయ్యా. నలుగురూ వస్తారు. ఫొటోలో మసిబారినట్టుంటే ఏం బాగుంటుంది చెప్పు?"

వాడిది ప్రేమే. అందుకే వాదించడానికి ఓపిక రాలేదు. పత్రికాఫీసులో జీవితమంతా ఎవరి ఫొటో ఎంత సైజులో వెయ్యాలనే వాదనలు వింటూ గడిపినవాణ్ణి. ఈ వయసులో మళ్లీ అదే వాదన, అదీ సొంత మనిషి గురించి. ఇద్దరం మా అక్క వంక చూశాం. "నాకేం కనపడుతుందర్రా, కళ్లజోడు ఇంట్లో మర్చిపోయాను" అని ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది.

బావగారు వద్దన్న మాట నిజం. పోవడానికి ముందు వేసవిలో ఆయనా నేనూ గోదావరి గట్టు మీద నడుస్తుంటే దారి పొడుగునా వర్ధంతి ఫ్లెక్సీలు. తెలిసిన మొహాలే, కానీ ఒక్కరూ పోల్చుకునేలా లేరు. "చూశావా, పోయాక అందరూ తెల్లబడిపోతున్నారు. నన్ను మాత్రం ఇలాగే ఉంచండర్రా" అన్నారు. నవ్వుతూనే అన్నారు. కానీ ఆయన రంగు గురించి ఏది మాట్లాడినా నవ్వుతూనే మాట్లాడేవారు కాబట్టి, ఆ నవ్వును బట్టి ఏమీ చెప్పలేం.

మా ఇంట్లో అందరం ఎర్రగా ఉంటామని మావాళ్లకు కొంచెం గర్వం. అక్కకు సంబంధం తెచ్చిన మధ్యవర్తి, అబ్బాయి చామనచాయ అని చెప్పాడు. పెళ్లిచూపులకు వచ్చి వరండాలో కూర్చున్న మనిషి కారు నలుపు. మా అమ్మమ్మకు చెవుడు. తను మాట్లాడేదంతా గుసగుసలే అనుకునేది. వీధిలోకి వినిపించేలా, "చామనచాయ అన్నారు, ఇదేంటే, పిల్లాడు పొయ్యి వెనకాల గానీ పెరిగాడా?" అంది. అందరూ కొయ్యబారిపోతే ముందుగా నవ్విన మనిషి మా బావగారే. ఆ నవ్వు చూసే అక్క ఒప్పుకుందని తర్వాత తెలిసింది. పెళ్లికి రాజమండ్రి నుంచి పేరున్న ఫొటోగ్రాఫరును పిలిపించారు. ఆయన బావగారి మొహానికి దిట్టంగా పౌడరు పట్టించాడు. అది చాలదన్నట్టు స్టూడియోకు వెళ్లి నెగెటివు మీద టచప్ కూడా చేశాడు. అప్పట్లో స్టూడియోల్లో అది మర్యాద కింద లెక్క. అడగకుండానే చేసేవారు. ఆల్బం వచ్చాక చూస్తే అందులో మా బావగారు లేరు. ఆయన సిల్కు చొక్కా వేసుకుని ఇంకెవరో మా అక్క పక్కన నిలబడి ఉన్నారు. ఆ తర్వాత ఏ పెళ్లిలోనూ ఆయన ఫొటోకు దొరకలేదు. గ్రూపు ఫొటో అనగానే వంటశాలలోకి వెళ్లి పులిహోర రుచి చూస్తూ ఉండిపోయేవారు.

ఆయనది వ్యవసాయ కుటుంబం. అన్నలు చేలు చూసుకుంటే, ఈయన కొవ్వూరుకు దిగువన కాలవ గట్టు మీదున్న రేకుల సినిమా హాలు నడిపేవారు. తొంభైల్లో ఒక వానాకాలం కొత్త తెలుగు సినిమా వెయ్యాల్సిన రోజున బాక్సు రాలేదు. రీళ్లుండే ఇనప పెట్టెను బాక్సు అంటారు. అది రాకపోతే గేటు ముందు జనాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. రాజమండ్రిలో డిస్ట్రిబ్యూటరు మనిషి చేతులెత్తేసి, మూలనున్న పాత ఇంగ్లీషు సినిమా ఒకటి చేతిలో పెట్టాడు. అప్పటికే రెండు దశాబ్దాల కిందటిది. అమెరికాలో ఒక నల్లజాతి డిటెక్టివు. మోకాళ్ల దాకా తోలు కోటు, ఒత్తయిన మీసం. ఎవరో ఒక పిల్లను ఎత్తుకుపోతే వెతికి తెస్తాడు. కథ అంతే. జనం తిడతారని బావగారు ఆ పూట ఆఫీసు గది తలుపేసుకుని కూర్చున్నారట. ఎవరూ తిట్టలేదు. మర్నాడు వాళ్లే ఇంకో నలుగురిని తీసుకొచ్చారు.

ఆ సినిమా పేరు మా వైపు ఎవరికీ నోరు తిరగలేదు. కోటు సినిమా అన్నారు. ఊడ్పులయ్యాక ఒకసారి, కోతలయ్యాక ఒకసారి, "కోటు సినిమా మళ్లీ ఎప్పుడండీ?" అని హాలు దగ్గరికి వచ్చి అడిగేవారు. బాక్సు ఆలస్యమైతే బాధపడడం మానేశారు. ఆ ఇంగ్లీషు ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాదు. మే నెలలో, ఫాన్లు తిరగని హాల్లో, తోలు కోటు వేసుకున్నవాణ్ణి చూస్తుంటే మనకే చెమటలు పట్టేవి. అయినా ఎందుకు చూసేవారో పత్రికకు రాద్దామని ఒకసారి బయటికొచ్చేవాళ్లను అడిగాను. ఫైట్లన్నారు, కార్లన్నారు. ఇటుకబట్టీలో పనిచేసే ఒకాయన మాత్రం, "పోలీసాయన పిలిచినా ఆడు గబుక్కున లెగడండీ. టీ తాగి లెగుతాడు" అన్నాడు. ఇంతకంటే మంచి సినిమా సమీక్ష నేను మా పేపర్లో చదవలేదు. పలికే ప్రతి మాటకూ ఒక అండీ తగిలించే సీమ మాది. మీ కుక్కగారు కరుస్తారా అండీ అని అడుగుతామని పక్క జిల్లాలవాళ్లు నవ్వుతారు. అలాంటి చోట, ఎవరినీ సార్ అనని ఒక నల్లటి మనిషి అంత పెద్ద తెర మీద తీరిగ్గా నడుస్తుంటే, నేల టిక్కెట్టులో కూర్చున్నవాళ్ల వీపులు కూడా నిటారుగా అయ్యేవి. మన సినిమాల్లో హీరోలకు గులాబీ రంగు మేకప్పు ఉండేది. నేల టిక్కెట్టువాళ్ల రంగు మనిషి తెర మీద కనిపించాలంటే రౌడీ అయినా అవ్వాలి, హీరో చేతిలో తన్నులైనా తినాలి.

బావగారు హాలు నడిపేవారే గాని సినిమాలు చూసేవారు కాదు. ఈ ఒక్కదానికి మాత్రం వెనక తలుపుకు ఆనుకుని చివరిదాకా నిలబడేవారు. "ఆ సినిమా ఉన్నన్నాళ్లూ మీ బావగారు తల దువ్వుకుని వెళ్తున్నార్రా" అని అక్క నాతో చెప్పి నవ్వింది. నల్లవాళ్లకు నప్పదని ఇంట్లో అందరూ అనే పసుపు రంగు గుడ్డ కొని, చొక్కా కుట్టించుకున్నది కూడా ఆ రోజుల్లోనే.

ఇక బ్యానరు సంగతి. కోటు సినిమాకు గిరాకీ ఉందని తేలాక, బావగారు దానికి పెద్ద గుడ్డ బ్యానరు రాయించారు. మా వైపు హాళ్లన్నిటికీ బొమ్మలు వేసే ఆర్టిస్టుగారు చాలా నెమ్మదస్తుడు. హీరో అంటే గులాబీ, విలన్ అంటే ఇటుకరంగు, దేవుడంటే నీలం. ఈ లెక్క ఆయన ఏనాడూ తప్పలేదు. వెదురు చట్రానికి బ్యానరు బిగించి నిలబెట్టిన పొద్దున నేనక్కడే ఉన్నాను. తోలు కోటు, మీసం, పిస్తోలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మొహం మాత్రం అప్పుడే స్నానం చేయించిన పసిబిడ్డలా ఎర్రగా మెరిసిపోతోంది.

"ఇదేంటండీ, ఎవరీయన?" అన్నారు బావగారు.

"హీరోగారండీ."

"ఆయన నల్లగా ఉంటాడు కదండీ?"

"ఆయ్, తెలుసండీ. హీరో కదాని మనమే కొంచెం బాగు చేశామండీ. నల్లగా వేస్తే జనం విలన్‌గారనుకుంటారండీ."

"మరి నన్ను చూసి ఏమనుకుంటున్నారండీ జనం?"

ఆర్టిస్టుగారు తడుముకోలేదు. "మీకేంటండీ, మీరు ప్రొప్రయిటరుగారు కదా!"

చుట్టూ ఉన్నవాళ్లం నవ్వాం. బావగారు నవ్వలేదు. రంగు మాట వచ్చినప్పుడు ఆయన నవ్వకపోవడం నేను చూసింది అదొక్కసారే. "దించండి. మళ్లీ వెయ్యండి" అన్నారు. అంత నలుపు కలపడం అలవాటు లేదని ఆర్టిస్టుగారు నసిగితే, పసుపు చొక్కా చేతులు మోచేతి దాకా మడిచి, చెయ్యి చాపి, "ఇదిగో, దీన్ని చూసి కలపండి" అన్నారు. ఆర్టిస్టుగారు ముందు మొహమాటపడ్డాడు. తర్వాత పనిలో పడి ఆ సంగతే మర్చిపోయాడు. గోధుమరంగులో కాస్త నీలం, కాస్త ఎరుపు కలుపుతూ, కుంచెను ఆ చేతి పక్కన పెట్టి చూసుకుంటూ, "కదలకండి, కదలకండి" అని ప్రొప్రయిటరుగారినే గదమాయించాడు. మధ్యాహ్నానికి మొహం పూర్తయింది. చెంప మీద వెలుగు పడిన చోట రాగిలా, మెడ దగ్గర నేరేడు పండులా. నలుపులో ఇన్ని రంగులున్నాయని అక్కడున్న ఎవరికీ తెలియదు, వేసిన చేతికీ తెలియదు.

ఆ వారం మా పత్రిక ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకెళ్లాను. బ్యానరు కింద నిలబడమంటే బావగారు మారుమాట లేకుండా నిలబడ్డారు. రెండు చేతులూ పాంటు జేబుల్లో, గడ్డం కాస్త పైకెత్తి. నా కథనం అచ్చయింది, ఫొటో కాలేదు. "ఇద్దరూ ఇంకు తాగేశారండీ, అచ్చులో ముద్దయిపోతారు" అన్నాడు డెస్కు ఇన్‌ఛార్జి. ఆ రోజుల్లో మా పేపరు నాణ్యతకు అది అబద్ధమేమీ కాదు. కలరు ప్రింటు నా దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు ఫ్లెక్సీకి తెచ్చింది అదే. బావగారు తర్వాత ఒకటి రెండుసార్లు అడిగారు, పడిందా అని. పడలేదని చెబితే, "పోన్లే, కోటు ఆయనది కూడా పడలేదు కదా" అన్నారు.

హాలు ఇప్పుడు బియ్యం బస్తాల గోడౌను. కేబుల్ టీవీ వచ్చింది, సీడీలు వచ్చాయి, హాలు ఒక ఏడాది మూతపడి మళ్లీ తెరుచుకోలేదు. కోటు సినిమా ప్రింటు గీతలు పడీ పడీ, చివరి రోజుల్లో అమెరికాలో కూడా ఎప్పుడూ వానే కురుస్తున్నట్టుండేది. బ్యానరు గుడ్డను ఎవరో ధాన్యం మీద కప్పడానికి పట్టుకెళ్లారు.

ఫ్లెక్సీ షాపులో అమ్మాయి మౌసు కదిపింది. తెర మీద బావగారి మొహం మెల్లగా తెల్లబడింది. తెలుపు ఆయనతో ఆగలేదు. పసుపు చొక్కా పాలిపోయింది. వెనక బ్యానరులో డిటెక్టివు మొహం కూడా గులాబీ రంగుకు తిరిగిపోయింది. కళ్లజోడు లేని మా అక్క అప్పుడు లేచింది. తెరకు మొహం ఆనించినంత దగ్గరగా వెళ్లి నిలబడింది.

"అదేంటమ్మా, ఆ కోటాయనకి మళ్లీ ఆ రంగేశావు?"

"ఎవరండీ?" అంది ఆ అమ్మాయి, పాపం.

"ఆయన రంగు కుదరాలని మా ఆయన పొద్దున్నుంచీ ఎండలో చెయ్యి చాపుకుని నిలబడ్డారే. ఇంటికొచ్చాక భుజం లాగేస్తోందని కాపడం కూడా పెట్టించుకున్నారు." ఆ సంగతి నాకూ తెలియదు. అక్క కొడుకు వైపు తిరిగింది. "మీ నాన్న పక్కన నేను ఇన్నేళ్లున్నాన్రా. ఇందులో ఉన్నాయనెవరో నాకు తెలీదు. వెనక్కి తిప్పించు."

మేనల్లుడు ఒక్క క్షణం తన మోచేతి వంక చూసుకున్నాడు. వాడిది తండ్రి రంగే. "తిప్పెయ్యండి" అన్నాడు.

ఫ్లెక్సీ గోడౌను గోడకు, బ్యానరు ఉండే చోటే కట్టాం. ఇద్దరూ ఉన్నారు, ఇద్దరూ ఒకే రంగులో. భోజనాలకు వచ్చినవాళ్లలో ఒక ముసలాయన దాని ముందు ఆగి, "కోటు సినిమా ఎప్పుడండీ?" అని ఎవరినీ ఉద్దేశించకుండా అడిగి వెళ్లిపోయాడు. పడమటి ఎండ తిన్నగా ఆ గోడ మీదే పడుతుంది. మళ్లీ వానలొచ్చేసరికి పసుపు పోతుంది, తర్వాత రాగి, తర్వాత నేరేడు. మనుషుల్ని వెలిసిపోయేలా చేసే పని కాలం ఎవరూ చెప్పకుండానే చూసుకుంటుంది. అందులో మన చెయ్యి కూడా వెయ్యకపోతే చాలు.